గేట్లు ఎత్తిన రోజే పోచంపాడా?

ఎగువన మహారాష్ట్రలో వానలు దంచికొట్టి, గోదావరి మీద పోచంపాడ్ దగ్గరున్న శ్రీరామసాగర్ డ్యామ్ గేట్లు ఎత్తారన్న వార్త వస్తే చాలు, ఆర్మూర్, నిజామాబాద్, నిర్మల్ నుంచి బండ్లన్నీ పోచంపాడ్ దారి పడతాయి. 44వ నంబరు జాతీయ రహదారి నుంచి డ్యామ్ దాకా ఉన్న చిన్న రోడ్డు కిక్కిరిసిపోతుంది. నురగలు కక్కుతూ దూకే నీళ్లను సెల్‌ఫోన్లో పట్టుకుని, వేయించిన చేపలు తిని, పొద్దుగూకేలోపు జనం ఇంటిముఖం పడతారు. వరద మరీ పెరిగితే పోలీసులు ఆంక్షలు పెడతారు. గేట్లు దించిన మర్నాటి నుంచి ఆ చోటుతో ఎవరికీ పని ఉండదు. 42 గేట్లతో, మూడు ప్రధాన కాలువలతో, అరవై ఏళ్లు దాటిన చరిత్రతో ఉన్న కట్టడం ఏడాదిలో కొన్ని రోజుల తమాషాగా మిగిలింది. చూడవచ్చిన వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. చూపించాల్సిన వాళ్లు నీటిని తప్ప మరేమీ చూపించకపోతే జనం నీటినే చూసి పోతారు. పనిలో ఉన్న పాత ప్రభుత్వ కట్టడాన్ని, దాని పనికి అడ్డు రాకుండా, జనానికి ఎలా తెరవవచ్చో మన దేశంలోని లైట్‌హౌస్‌లు ఈ పదేళ్లలో చేసి చూపాయి. పోచంపాడ్‌కు కావలసింది ఆ పద్ధతే. కొత్త రిసార్టులు, గాజు వంతెనలు కావు.

సముద్రానికి నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరికి లైట్‌హౌస్‌తో పోలికేమిటని అడగవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే పోలిక బలంగానే ఉంది. రెండూ చూడ్డానికి కట్టినవి కావు, పని కోసం కట్టినవి. ఒకటి ఎక్కడో నడిసముద్రంలో ఉన్న ఓడకు దారి చూపుతుంది, మరొకటి ఎక్కడో కరీంనగర్, వరంగల్ పొలాలకు నీళ్లు పంపుతుంది. ఆ పని వల్ల లాభపడేవాడు దాని దగ్గరికి రానక్కరలేదు. రెండింటిలోనూ ఎత్తు ఉంది, ప్రమాదం ఉంది, రాత్రింబవళ్లు కాపలా ఉండే సిబ్బంది ఉన్నారు. రెండూ భద్రత పేరుతో జనానికి మూతపడ్డ కాలాలున్నాయి. తేడా ఆ తర్వాత వచ్చింది. లైట్‌హౌస్‌ల శాఖ తలుపులు తెరవడం నేర్చుకుంది, నీటిపారుదల శాఖ ఇంకా నేర్చుకోలేదు.

చెన్నై సంగతే చూడండి. అక్కడి దీపానికి రెండు వందల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1796లో సెయింట్ జార్జి కోటలోని ఒక మేడపై కొబ్బరినూనె దీపాలతో మొదలైంది. 1844లో రాతి స్తంభం మీదికి, 1894లో హైకోర్టు గుమ్మటం మీదికి, 1977లో మెరీనా ఒడ్డున ఇప్పుడున్న కాంక్రీటు గోపురానికి మారింది. పాత రాతి స్తంభం హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలబడి ఉంది. మెరీనా లైట్‌హౌస్‌ను 1990లలో భద్రతా కారణాలతో జనానికి మూసేశారు. శ్రీలంక యుద్ధం నీడ తమిళ తీరం మీద పడి ఉన్న రోజులవి, ఆ భయం ఉత్తుత్తిది కాదు. అయినా కారణం తీరిపోయాక 2013 నవంబరులో మళ్లీ తెరిచారు. టికెట్టు పెట్టారు, వేళలు పెట్టారు, చిన్న మ్యూజియం పెట్టారు. దీపం తన పని తాను చేసుకుంటూనే ఉంది. ముందు ముప్పు ఎంతో అంచనా కట్టారు, ఎంతమేర తెరవాలో తేల్చారు, దానికి తగిన సిబ్బందిని పెట్టారు. మూసెయ్యడానికి ఒక్క ఉత్తర్వు సరిపోతుంది. తెరవడానికి ఇంత ఆలోచన కావాలి కాబట్టే మన దగ్గర ఆ జోలికి ఎవరూ పోరు.

ఆ ఒక్కచోటుతో ఆగలేదు. 2024 ఫిబ్రవరిలో దేశవ్యాప్తంగా 75 లైట్‌హౌస్‌లలో పర్యాటక వసతులను ప్రధాని తూత్తుకుడిలో ప్రారంభించారు. కేంద్రం చెప్పిన లెక్క ప్రకారం వీటికి పెట్టిన ఖర్చు సుమారు 60 కోట్ల రూపాయలు. అంటే సగటున ఒక్కోదానికి 80 లక్షలు. 2023–24లో లైట్‌హౌస్‌లను చూడవచ్చినవారు 16 లక్షల మంది అని కూడా అదే లెక్క చెబుతోంది. ప్రభుత్వాలు తమ గొప్ప చెప్పుకునే అంకెలను కొంచెం తగ్గించి చదవడం మంచిదే. తగ్గించి చదివినా 80 లక్షల ఖర్చన్నది గుర్తుంచుకోదగిన అంకె. మన జిల్లా స్థాయిలో అది పెద్ద మొత్తమేమీ కాదు.

లైట్‌హౌస్ ఉన్నంత మాత్రాన సరిపోదనీ చెప్పాలి. తెలుగు తీరంలో దానికి భీమునిపట్నం మంచి ఉదాహరణ. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు అది. డచ్చివాళ్ల వర్తక స్థావరం, వాళ్ల సమాధుల తోట, 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పాత ఊరు, ఒడ్డున పాత దీపస్తంభం, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. ఇన్ని ఒక్కచోట ఉన్న ఊరు తెలుగు తీరంలో అరుదు. అయినా అక్కడికి పోయేవాళ్లలో ఎక్కువమందికి అది విశాఖ నుంచి బీచ్ రోడ్డు పట్టుకుని వెళ్లే షికారు. ఓడలు ఇక్కడికి ఎందుకొచ్చాయి, తర్వాత ఎందుకు మానేశాయి, దీపం ఎవరి కోసం వెలిగింది అన్న ప్రశ్నలు వాళ్లకు తట్టేలా ఆ ఒడ్డున పెద్దగా ఏమీ లేదు. చెన్నైలో పనిచేసినది గోపురమొక్కటే కాదు, గోపురం పని ఏమిటో చెప్పే ఏర్పాటు కూడా. భీమిలిలో కొరవడినది అదే. పోచంపాడ్‌లో అసలు లేనిదీ అదే.

పోచంపాడ్‌లో చెప్పవలసిన కథ ఎంత ఉందో ఒకసారి లెక్కవేద్దాం. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ ఇక్కడ పునాదిరాయి వేశారు. ఆ తర్వాత పది నెలలకే ఆయన పోయారు. డ్యాములను ఆధునిక దేవాలయాలన్న మనిషే 1958 నాటికి, భారీతనం ఒక జబ్బుగా మారుతోందని ఇంజినీర్ల సభలోనే హెచ్చరించారు. ఆ రెండు మాటల తర్వాత మొదలైన ప్రాజెక్టు మనది. ఇక్కడి నుంచి కాకతీయ కాలువ 284 కిలోమీటర్లు పోతుంది, దారిలో కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయాన్ని నింపుతుంది. సరస్వతి కాలువ నిర్మల్ వైపు, లక్ష్మీ కాలువ నిజామాబాద్ వైపు నీళ్లిస్తాయి. మొదటి దశ ఆయకట్టే 9.68 లక్షల ఎకరాలు. కాలువకు నీళ్లు వదిలే చోట 36 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఉంది. ఆర్మూర్ పసుపు రైతుకు, బాల్కొండ మక్క రైతుకు ఇవి కొత్త సంగతులు కావు. వాళ్ల పిల్లలకు మాత్రం కొత్తవే. కాలువ పక్కనే పుట్టి పెరిగి, అది ఎంతదూరం పోతుందో తెలియని తరం వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యంగా చూపవలసింది కంటికి కనబడనిది. జలాశయం 1091 అడుగుల నిండు మట్టానికి చేరితే 112 టీఎంసీలు నిలవాలని మొదట లెక్క వేశారు. తర్వాతి సర్వేలో అది 90కి దిగింది. ఇటీవలి సర్వే తర్వాత 80 టీఎంసీల దగ్గర ఆగింది. మట్టం అదే 1091 అడుగులు. జలాశయం నిండుకుండలా ఉందని పత్రికల్లో చదువుతాం, అందులో నాలుగో వంతుకు మించి పూడికే ఉందని మర్చిపోతాం. గేట్లెత్తిన రోజు పైన నిలబడి చూసేవాడికి ఈ సంగతి ఎంత చూసినా తెలియదు. ఎవరో ఒకరు బొమ్మ గీసి చెప్పాలి. పక్కనే ఇంకో లెక్క కూడా పెట్టాలి. ఎగువన మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ మీద మనం ఏళ్ల తరబడి పోరాడాం, సుప్రీంకోర్టు దాకా పోయాం. బాబ్లీ నిల్వ 2.74 టీఎంసీలు. సర్వేల ప్రకారం మన జలాశయం పోగొట్టుకున్నది 32 టీఎంసీలు, పదకొండు బాబ్లీల కన్నా ఎక్కువ. బాబ్లీ పోరాటం వృథా అని దీని అర్థం కాదు. నదిలో నీళ్లు సన్నగిల్లిన కాలంలో ఎగువన ఎన్నిసార్లు నింపుకుంటారన్నది నిజమైన సమస్యే. కానీ ఒకటి ఊరూరా తెలిసిన గొడవయింది, రెండోది ఇంజినీర్ల ఫైళ్లలో ఉండిపోయింది. పొరుగు రాష్ట్రం ఆపిన నీళ్లు కంటికి కనబడతాయి, అడుగున చేరిన మట్టి కనబడదు.

ఈ మట్టి కథ పోచంపాడ్‌తో ఆగదు, నేరుగా లైట్‌హౌస్‌ల దగ్గరికే పోతుంది. గోదావరి వేల ఏళ్లుగా మోసుకుపోయిన ఒండ్రుతోనే కోనసీమ ఏర్పడింది. అదే ఒండ్రు నదీముఖాల దగ్గర ఇసుక దిబ్బలై ఓడలకు గండమయింది. కోరంగి లాంటి పేరున్న రేవులు తుపానులతో పాటు పూడికకూ బలయ్యాయి. అంతర్వేది దగ్గర, శాక్రమెంటో తిప్పల దగ్గర దీపాలు వెలిగించవలసి రావడానికి ఈ నది తెచ్చిన మట్టి కూడా ఒక కారణం. ఇప్పుడు కథ తిరగబడింది. పోచంపాడ్, దానికి ఎగువన పైఠాన్ దగ్గరి జాయక్‌వాడీ, ఇంకా ఉపనదుల మీది డ్యాములు ఆ మట్టిని మధ్యలోనే పట్టేస్తున్నాయి. డెల్టాకు చేరే ఒండ్రు తగ్గి, అక్కడి తీరం కోతకు గురవుతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లోనే రాశారు. పోచంపాడ్ ఉన్న మెండోరా మండలంలో మనకు బరువైన మట్టే కోనసీమ ఒడ్డున కరువైంది. ఒకే నది రెండు కొసల్లో జరుగుతున్న ఈ నష్టాన్ని ఒక్క బొమ్మలో చూపగలిగిన చోటు పోచంపాడ్ కన్నా ఇంకోటి ఉందా? ఇలాంటిది చూపకుండా నడిపే పార్కులో పూలమొక్కలు ఎన్ని పెట్టినా అది ఏ ఊరి పార్కయినా కావచ్చు.

చూపవలసినవాటిలో కష్టమైనది ఇంకోటుంది, ముంపు గ్రామాలు. నీళ్లు బాగా అడుగంటిన వేసవుల్లో బ్యాక్‌వాటర్‌లో పాత గుడులు, గోడలు తేలతాయి. అక్కడి నుంచి లేచి వచ్చినవాళ్ల పిల్లలు, మనుమలు చుట్టుపక్కల మండలాల్లోనే ఉన్నారు. నాగార్జునసాగర్ కింద మునిగిన బౌద్ధ క్షేత్రాన్ని 1954 నుంచి ఏళ్ల తరబడి తవ్వి, దొరికినవాటిని కొండపైకి చేర్చి, మ్యూజియం పెట్టారు. అది చేయవలసిన పనే. గోదావరి ఒడ్డు పల్లెలకు అంత శ్రద్ధ దక్కలేదు. ఇక్ష్వాకుల రాజధానికి, మామూలు రైతుల ఊరికి చరిత్రలో ఒకే తూకం ఉండదని అనవచ్చు. కానీ ఈ నీళ్లకు ధర చెల్లించింది ఎవరన్న ప్రశ్నకు జవాబు ఆ పల్లెల పేర్లే. వాటిని ఒక్క గోడ మీద వరుసగా రాసిపెట్టడానికి పురావస్తు శాఖ కూడా అక్కరలేదు, రెవెన్యూ రికార్డులు చాలు.

ఇక అభ్యంతరాల సంగతి. మొదటిది భద్రత. డ్యామ్ కీలక కట్టడం, గేట్ల యంత్రాల దగ్గరికి ఎవరినిపడితే వాళ్లను రానివ్వడం కుదరదని అధికారులు అంటారు. ఒప్పుకుంటాను. యంత్రాల దగ్గరికి పోనివ్వమని ఎవరూ అడగడం లేదు. మైసూరు దగ్గర కృష్ణరాజసాగర్‌లో ఆనకట్ట పైకి మామూలు సందర్శకులను రానివ్వరు, దాని దిగువన ఉన్న బృందావన్ గార్డెన్స్‌కు మాత్రం దాదాపు వందేళ్లుగా దేశమంతా వస్తోంది. 1932 నాటికే అది పూర్తయింది. మన జిల్లాలోనే నిజాం కాలంలో అలీసాగర్ చెరువు ఒడ్డున తోట వేశారు. నీటి పక్కన జనానికి చోటివ్వడం ఈ నేలకు పరాయి ఆలోచన కాదు. ఏది మూసి ఉంచాలో ఏది తెరవాలో గీత గీయడమే పని. గీత గీయకుండా, వరద రోజుల్లో అందరినీ ఆపలేక కొందరినే ఆపుతూ, మిగతా ఏడాదంతా పట్టించుకోకుండా వదిలేయడం భద్రత అనిపించుకోదు.

రెండోది ప్రాణభయం. నీళ్లలో దిగి మునిగిపోయినవాళ్ల వార్తలు ప్రతి జలాశయం దగ్గరా వస్తూనే ఉంటాయి. జనాన్ని పిలవడమంటే ప్రమాదాన్ని పిలవడమే కదా అన్నది వాదన. పిలవకపోయినా జనం వస్తున్నారన్నది వాస్తవం. వేళలు లేవు, దారి లేదు, ఇక్కడిదాకే అని చెప్పే కంచె లేదు, అందుకే నీళ్ల అంచుదాకా పోతున్నారు. లైట్‌హౌస్‌లో మెట్లున్నాయి, బాల్కనీకి కమ్మీలున్నాయి, ఒకేసారి ఎంతమంది ఎక్కాలో చెప్పే మనిషి ఉన్నాడు. ఏర్పాటు చేసిన చోట రాకపోకలు మన చేతిలో ఉంటాయి.

మూడోది అన్నిటికన్నా బరువైనది, అది రైతుల నుంచి వస్తుంది. చివరి ఆయకట్టుకు నీళ్లందవు, పిల్లకాలువలు చెడిపోయి ఉన్నాయి, లస్కర్లు చాలినంతమంది లేరు, ఇప్పుడు పార్కులు, మ్యూజియాలు ఎవరికి కావాలంటారు వాళ్లు. ఈ మాటకు తల వంచాలి. కాలువ మరమ్మతుకు పెట్టవలసిన రూపాయిని తోటకు మళ్లిస్తే నేనూ వ్యతిరేకిస్తాను. అయితే అంకెలు చూడండి. కాళేశ్వరం నీళ్లను వరద కాలువ గుండా వెనక్కి ఎత్తిపోసే పునరుజ్జీవ పథకానికి 2017 ఆగస్టు 10న పోచంపాడ్‌లోనే శంకుస్థాపన చేశారు, దాని అంచనా వెయ్యి కోట్లు దాటింది. దాని పక్కన ఒక లైట్‌హౌస్‌కు పెట్టిన 80 లక్షలు ఏ లెక్కలోకి వస్తాయి? ఇంకో మాట కూడా ఉంది. పూడిక గురించి, పిల్లకాలువల గురించి గట్టిగా అడిగే జనం ఉంటేనే ప్రభుత్వం కదులుతుంది. బాబ్లీ విషయంలో అలాగే కదిలింది. అడగాలంటే తెలియాలి. ఆయకట్టు బాగోగులకు పోటీగా కాక, ఆ అడుగుడికి ఆసరాగానే ఈ చూపే ఏర్పాటును అడుగుతున్నాను.

గేట్లు ఎత్తని రోజుల్లో ఎవరొస్తారన్న అనుమానం మిగిలింది. దీనికి పెద్ద జవాబు అక్కరలేదు. లైట్‌హౌస్ వెలిగేది రాత్రిపూట, జనం ఎక్కేది పగటిపూట. అంటే అది తన పని చేస్తుండగా చూసేవాళ్లు దాదాపు లేరు, అయినా వస్తున్నారు. పోచంపాడ్‌కు అంతకన్నా మంచి పంచాంగమే ఉంది. సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం బాబ్లీ గేట్లు ఏటా జూలై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచి ఉండాలి, మార్చి 1న 0.6 టీఎంసీ మనకు వదలాలి. ఆ తేదీల్లో రెండు రాష్ట్రాల అధికారులు బ్యారేజీ దగ్గర నిలబడి చేసే పని ఈ జలాశయం ఎలా బతుకుతుందో చెప్పే పాఠం. కాలువలకు నీళ్లు వదిలే రోజు ఇంకో సందర్భం. చలికాలంలో బ్యాక్‌వాటర్‌కు వలస పక్షులు వస్తాయి, నందిపేట వైపు పచ్చికలో కృష్ణజింకలు తిరుగుతాయి. వేసవిలో మునిగిన ఊళ్ల ఆనవాళ్లు బయటపడతాయి. బాసరకు పోయే యాత్రికులు ఏడాది పొడవునా ఈ నీళ్ల చుట్టూనే తిరుగుతున్నారు. జనం లేక కాదు, వాళ్లకు ఆగే కారణం లేక ఆగడం లేదు.

ఒక్క భయం మాత్రం నాకూ ఉంది. పర్యాటకం అనగానే ముందు చేప వేపుడు బండ్లను తీసేసి, ఆ జాగాలో టెండరుతో క్యాంటీను పెట్టడం మన శాఖలకు అలవాటు. ఆ బండ్లే ఇన్నేళ్లుగా పోచంపాడ్‌కు వచ్చినవాళ్లకు అన్నం, నీడ, కబురు ఇచ్చాయి. జలాశయంలో చేపలు పట్టే కుటుంబాలకు ఆ అమ్మకమే ఆధారం. వాళ్లకు కుళాయి, చెత్త డబ్బాలు, కప్పు ఇచ్చి అక్కడే ఉంచాలి. వాళ్లను తరిమి చేసే ఏ అందమూ పోచంపాడ్‌కు అక్కరలేదు.

అడుగుతున్నది ఎక్కువేమీ కాదు. నీటిపారుదల శాఖ, పర్యాటక శాఖ కలిసి కూర్చుని డ్యామ్ దిగువన ఎక్కడిదాకా రావచ్చో గీత గీయాలి. ఏడాది పొడవునా తెరిచి ఉండే వేళలు ప్రకటించాలి, బడిపిల్లలకు ఉచితంగా, మిగిలినవారికి చిన్న టికెట్టు పెట్టాలి. ఒక గదిలో నది పటం, కాలువల నమూనా, పూడిక బొమ్మ, ముంపు ఊళ్ల పేర్లు ఉంచాలి. రిటైరయిన ఇంజినీర్లు, లస్కర్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు, వారిలో కొందరిని చెప్పేవాళ్లుగా పెట్టుకోవాలి. పునాదిరాయి పడిన తేదీ జూలై 26 ఏటా వస్తుంది, అప్పటికి గోదావరిలో కొత్త నీరు కూడా వస్తుంది. వచ్చే జూలై 26న ఆర్మూర్, బాల్కొండ బడుల పిల్లలను అక్కడికి పిలవండి.